వ్యర్థాల చెరువు కట్టబోయే బిడ్డకు

గద్వాల

చిరంజీవి లావణ్యకు మామ ఆశీస్సులు.

రాయచూరు వైపు బంగారం మిల్లుకు వ్యర్థాల చెరువు, అంటే రాయి నూరి బంగారం తీశాక మిగిలే బురదను నిలిపే చెరువు, దాని డిజైన్ నీ చేతికొచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వాడంతా చెప్పుకున్నా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బంగారం తీయడానికి వాడే సైనైడ్ విషం కలిసిన నీళ్ల పీహెచ్, అడుగున బంకమన్ను, మీద నీళ్లు ఇంకకుండా పరిచే లైనర్ షీటు, కట్ట లోపలి నీటి ఒత్తిడి కొలిచే పైజోమీటర్లు, ఇవన్నీ నీకు తెలుసు. చుట్టూ కంచె మాత్రం గట్టిగా వేయించు. గొర్రెలకు బోర్డులు చదవడం రాదు.

నా టెన్షన్ ఒక్కటే. నువ్వు చెరువుకట్ట మీద ఆడి పెరిగావు. మన చెరువులో నీళ్లు కట్టకు ఆనుకునే నిలుస్తాయి, తూమూ అక్కడే. మిల్లు చెరువులో అదే ప్రమాదం. బురదను కట్ట మీది నుంచి పైపులతో వదిలితే ముతక ఇసుక అక్కడే దిగుతుంది, నీళ్లు దూరంగా పోతాయి. ఆ మడుగు దూరంగానే ఉండాలి.

దక్షిణాఫ్రికాలోని మెరీస్‌ప్రూట్‌లో 31 మీటర్ల ఎత్తున్న బంగారు గని వ్యర్థాల కట్ట 1994 ఫిబ్రవరి 22 రాత్రి తెగింది. అందులో వ్యర్థాలు వేయడం ఆపేశామన్నారు, మిగులు నీళ్లు మాత్రం వదులుతూనే ఉన్నారు. మడుగు కట్ట దాకా వచ్చింది. ఆ సాయంత్రం 50 మిల్లీమీటర్ల వాన పడింది. మన దగ్గర ఆ మాత్రం పడితే దుక్కి తడిసిందని సంబరపడతాం. అక్కడ నీళ్లు కట్ట మీది నుంచి పొర్లాయి, సుమారు 6 లక్షల ఘనపు మీటర్ల బురద కింది కాలనీని ముంచింది. 17 మంది పోయారు.

మనవైపు వానలెక్కడివని సగటు లెక్కలు చూపిస్తారు. 2009 గుర్తు చెయ్యి. ఆగస్టులో కరువని ఏడ్చాం, అక్టోబరులో అలంపూర్ మునిగింది.

ఖర్చు తగ్గించడానికి కట్టను లోపలికి, మెత్తటి పాత బురద మీదికి పెంచుదామంటారు. మన్ను ఎక్కువ పట్టినా సరే, బయటికే పెంచు. పెద్దసార్లని మొహమాటపడి తల ఊపావో, చెవి మెలిపెడతా!

చిన్నప్పుడు తూము పక్కన ఎర్రటి ఊట చూసి "మామా, కట్ట కారుతుంది" అని అరుచుకుంటూ వచ్చావు. పెద్దవాళ్లెవరం చూడలేదు. ఆ కన్ను పోగొట్టుకోకు బిడ్డా. ఊట తేటగా వస్తే కొలిచి రాసుకో. బురదగా వస్తే లోపల మన్ను కొట్టుకుపోతున్నట్టే, వెంటనే పని ఆపించు, కింది ఊరికి కబురు పెట్టు.

వాన లెక్కల షీటు, మడుగు చోటు గీసిన డ్రాయింగ్ వాట్సాప్ చెయ్యి. కళ్లజోడు మార్చా, సన్న గీతలూ కనిపిస్తున్నాయి.

నీ మామ