హూవర్ వెళ్తున్న సింధుకు

చి. సింధుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ జట్టుతో పాటు నిన్నూ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల కాలేజీల కూటమి అయిన ఎస్‌ఈసీ బేస్‌బాల్ టోర్నమెంటుకు అలబామాలోని హూవర్ తీసుకువెళ్తున్నారని, అక్కడ ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లో గాయాలు చూసుకునే విద్యార్థి ట్రైనర్‌గా పనిచేస్తావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు. బేస్‌బాల్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళే మన చుట్టాల్లో తక్కువ. అలాంటిది ఆ ఆటగాళ్ళ చేతులు చూసుకునే పని మన పిల్లకు అప్పగించారంటే గర్వంగా ఉండదా? అయితే ఇక్కడి బర్మింగ్‌హామ్‌లో ఫిజియోథెరపిస్టుగా ఉద్యోగమంతా, బంతి విసిరే పిచర్ల మోచేతులతోనే గడిపినదాన్ని కాబట్టి గర్వం వెనుకే భయమూ వచ్చింది. నాకు భయం ఆట గురించి కాదు, నీ మొహమాటం గురించి.

ముందుగా చిన్న విషయాలు. మే చివరి వారంలో ఇక్కడ ఎండ, ఉక్క రెండూ ఉంటాయి. టోపీ, రెండో జత మేజోళ్ళు మరిచిపోకు. ఆటగాళ్ళకు నీళ్ళందిస్తూ నువ్వు తాగడం మానేయకు. మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడుతుంది. చివరి ఉరుము విన్న తరువాత 30 నిమిషాలు గడిచేదాకా ఎవరినీ మైదానంలోకి పంపరు, ఆ లోపల మళ్ళీ ఉరిమితే లెక్క మొదటికి వస్తుంది. నిద్ర దొరికినప్పుడల్లా నిద్రపో. 2019లో ఇదే స్టేడియంలో మిసిసిపీ స్టేట్, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) జట్లు మామూలుగా తొమ్మిదితో ముగిసే ఆటను 17 ఇన్నింగ్స్ ఆడితే, ఆట ముగిసేసరికి తెల్లవారుజామున మూడు దాటింది.

ఇక అసలు సంగతికి వస్తాను. 2025 నుంచి ఈ టోర్నమెంటులో 16 జట్లూ ఆడుతున్నాయి. ఒక్కసారి ఓడితే ఇంటికే. సీజన్ పట్టికలో మొదటి నాలుగు స్థానాలవారు క్వార్టర్ ఫైనల్స్ దాకా తీరిగ్గా కూర్చుంటారు, తొమ్మిది నుంచి పదహారు వరకు ఉన్నవారు మంగళవారమే దిగాలి. ఆదివారం ఫైనల్, మరునాడు జాతీయ టోర్నమెంటుకు 64 జట్ల జాబితా. ఎలాగూ ఆ జాబితాలో ఉంటామన్న ధీమా ఉన్న కోచ్ తన మంచి పిచర్లను దాచుకుంటాడు. మీ జట్టు మాత్రం లోపలా బయటా కాకుండా అంచున ఊగుతోందని విన్నాను. చేతులు పాడయ్యేది అలాంటి జట్లలోనే.

లెక్క నీకు తెలిసిందే అయినా ఒకసారి రాస్తాను. ప్రొఫెషనల్ ఆట నడిపే మేజర్ లీగ్, దేశపు ఆట సంస్థ యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి చేసిన సూచనల ప్రకారం మీ వయసు పిచర్ 81 నుంచి 105 బంతులు విసిరితే నాలుగు రోజులు, 46 నుంచి 60 విసిరితే రెండు రోజులు చేతికి విశ్రాంతి ఇవ్వాలి. అంటే టోర్నమెంటుకు ముందు చివరి సిరీస్‌లో గురువారం వంద బంతులు విసిరినవాడు మంగళవారానికి సరిగ్గా అంచుమీద ఉంటాడు. శుక్రవారం విసిరినవాడు బుధవారం దాకా పనికిరాడు. ఇవి సూచనలే తప్ప కాలేజీ ఆటలో చట్టం కాదు. అందుకే నీ నోట్‌బుక్‌లో ఆటలో విసిరిన బంతులతో పాటు బుల్‌పెన్‌లో వేడెక్కడానికి విసిరినవీ రాసుకో. రెండుసార్లు వేడెక్కి, రెండుసార్లూ కూర్చున్నవాడి చెయ్యి కూడా అలసిపోతుంది. స్కోరుబోర్డు మీద అది కనబడదు.

మన ఫాస్ట్ బౌలర్లకు నడుము ఎలాగో వీళ్ళకు మోచేతి లోపలి లిగమెంటు అలాగ. 1974లో లాస్ ఏంజిలిస్‌లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే పిచర్‌కు మొదటిసారి ఆ లిగమెంటును తిరిగి కట్టేదాకా, అది తెగిన పిచర్ కథ ముగిసినట్టే. ఇప్పుడు కట్టవచ్చు కదా అని కుర్రవాళ్ళు తేలిగ్గా మాట్లాడతారు. ఆ తరువాత ఏడాదికి పైగా సాగే రోజులు వాళ్ళు చూడలేదు, నేను చూశాను.

చాలా ఏళ్ళ క్రితం నా దగ్గరకు ఒక పిచర్ వచ్చాడు. ఏ కాలేజీయో చెప్పను. వాళ్ళ కాన్ఫరెన్స్, అంటే కాలేజీల కూటమి, చిన్నది, టోర్నమెంటు గెలిస్తేనే జాతీయ పోటీ, లేకపోతే లేదు. మొదటి రోజు అతను వందకు పైగా బంతులు విసిరాడు. రెండు రోజులు తిరక్కుండానే ఆధిక్యం కాపాడమని మళ్ళీ దింపారు. ఆ జట్టులో నీలాంటి విద్యార్థిని ఒకరు ఉండేది. ఆ రోజు పొద్దున అతను నీళ్ళ సీసా మూతను ఎడమ చేత్తో తిప్పుతున్నాడని ఆమె గమనించింది. ఎప్పుడూ కుడిచేత్తో తిప్పేవాడు. అడిగితే చిటికెన వేలు, ఉంగరపు వేలు కాస్త తిమ్మిరిగా ఉన్నాయన్నాడు. ఎవరికీ చెప్పవద్దని, సీనియర్లకు ఇదే ఆఖరి ఆట అని బతిమాలాడు. ఆమె నోట్‌బుక్‌లో రాసుకుంది, నోటితో చెప్పలేదు. బుల్‌పెన్‌లో అతని ఫాస్ట్‌బాల్ క్యాచర్ తల మీదుగా పోవడం మొదలైంది, ఒక్కో బంతికీ మధ్య చెయ్యి విదిలించుకుంటున్నాడు, అదీ రాసుకుంది. ఏడో ఇన్నింగ్స్‌లో ఒక బంతి విసిరి, చేతిని పొట్టకు హత్తుకుని అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాడట.

ఈ కథ నాకు అతనే చెప్పాడు, ఆమె మీద కోపం లేకుండానే. ఆ అమ్మాయి ఒకసారి అతన్ని చూడటానికి వచ్చి ఆ నోట్‌బుక్ నా బల్ల మీద పెట్టింది. అన్నీ ఉన్నాయందులో: సమయం, వేళ్ళ పేర్లు, బంతుల సంఖ్య. ఎంత శ్రద్ధగల పిల్లో! ఒక్క మాట పైకి అనడానికి జంకింది. కోచ్ తొందరను, అతని పట్టుదలను నేను అర్థం చేసుకోగలను. ఆమె మౌనమే ఈనాటికీ మింగుడుపడదు.

నీకిది ఎందుకు రాస్తున్నానో తెలుసుగా. ఆరో తరగతిలో జ్వరంతో ఉండి కూడా, టీచర్ ఏమనుకుంటుందోనని పరీక్ష రాసి వచ్చి గుమ్మంలో పడిపోయినదానివి నువ్వు! అన్నం చాలకపోయినా చాలంటావు. ఆ బుద్ధి డగౌట్‌లో పనికిరాదమ్మా. ఎవరినీ "నొప్పిగా ఉందా" అని అడగకు, లేదనే అంటారు. "ఏ వేళ్ళు తిమ్మిరి" అని అడుగు, సీసా మూత తిప్పించు, రాడార్ గన్‌లో వేగం పడిపోతోందా చూడు. అనుమానం వస్తే కోచ్ దగ్గరకు వెళ్ళవద్దు, నీ పై ట్రైనర్‌కు వెంటనే నోటితో చెప్పు. ఆపై నిర్ణయం ఆయనది, డాక్టరుది. వైద్యం విషయంలో కోచ్ మాట చెల్లదని నియమమే ఉంది. ఆ కుర్రవాడు నీతో మాట్లాడటం మానేస్తే మానేయనీ.

హూవర్ కప్పు కోసం అంత చేయాలా అని ఎవరైనా అంటే, 2025లో ఇక్కడ ఫైనల్ కూడా చేరని ఎల్‌ఎస్‌యూ ఆ జూన్‌లోనే ఒమాహాలో జాతీయ ఛాంపియన్ అయిందని గుర్తుచెయ్యి.

మా ఇల్లు స్టేడియానికి దగ్గరే. మీ ఆట ఏ రోజైనా పులిహోర, పెరుగన్నం కట్టి తెస్తాను. బయటి తిండి లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కో, రానివ్వకపోతే పార్కింగ్‌లో కారు దగ్గరకు వచ్చి తిని వెళ్ళు. ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, నేను మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ