72 వారాల లేయర్లలో (గుడ్ల కోళ్లలో) గుడ్డుగొట్టం వాపు: ముందు నీటి పైపులు చూడండి

మీ షెడ్‌లో రోజూ ఒకటి రెండు కోళ్లు చనిపోతున్నాయని, కోసి చూస్తే పొట్టలో పసుపు గడ్డలు ఉన్నాయని అన్నారు. ఇది చాలావరకు ఈ.కోలై అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే గుడ్డుగొట్టం వాపే. ఈ వయసులో వెంట్ (గుడ్డు బయటికొచ్చే ద్వారం) సడలి క్రిములు సులువుగా పైకి పాకుతాయి.

1. అందరూ ట్యాంకు కడిగి ఊరుకుంటారు, క్రిములు దాగే జిగురేమో నీటి పైపులో ఉంటుంది. లైను చివర నిపిల్ (కోళ్లు నీళ్లు తాగే మొన) విప్పి వేలితో తడమండి. జారుడుగా తగిలితే, లైట్లు ఆర్పాక హైడ్రోజన్ పెరాక్సైడ్ నింపండి. కోళ్లున్న షెడ్‌కు లేబుల్‌పై రాసిన మోతాదే వాడండి. తెల్లారేలోపు పైపులు ఫ్లష్ చేసేయండి.

2. తర్వాత రోజూ క్లోరిన్. ట్యాంకులో కాదు, చివరి నిపిల్ దగ్గర 2–3 పీపీఎం (లీటరుకు 2–3 మిల్లీగ్రాములు) ఉండాలి. నీటిలో లైవ్ వ్యాక్సిన్ ఇచ్చేటప్పుడు ఆపండి.

3. కోళ్లు ఒకదాని వెంట్ ఒకటి పొడుచుకుంటుంటే వెలుతురు తగ్గించండి.

4. యాంటీబయాటిక్‌కు ముందు, అప్పుడే చనిపోయిన కోడిని ల్యాబ్‌లో ఏ మందు పనిచేస్తుందో తేల్చే సెన్సిటివిటీ పరీక్షకు ఇవ్వండి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వద్దు, కోళ్లకు వాడకుండా మన దేశంలో 2019లోనే నిషేధించారు. గడ్డలు కట్టిన కోడి మందుతో కోలుకోదు, తీసేయండి.