అడగండి, చెబుతాం: వోల్టులున్నా వెలుగు లేదేం?

ప్రశ్న: సైన్స్ ఫెయిర్ కోసం జింకు–రాగి సెల్ కట్టాను. మల్టీమీటరులో 1.08 వోల్టులు వచ్చింది. రెండు సెల్స్ వరసగా కలిపితే 2.15. ఎర్ర ఎల్ఈడీకి 1.8 చాలంటారు, కానీ అది వెలగడం లేదు. ద్రావణాలు 1 మోలార్‌కి బదులు 0.1 మోలార్ వాడటం వల్లేనా?
— ఇంటర్ విద్యార్థిని, గాజువాక

జవాబు: గాఢత మీద అనుమానం వద్దు. రెండు వైపులా ఒకే గాఢత ఉంటే నెర్న్‌స్ట్ సమీకరణంలో (గాఢతను బట్టి సెల్ వోల్టేజి ఎంత మారుతుందో చెప్పే సూత్రం) లాగ్ పదం సున్నా అవుతుంది. రాగి ప్రమాణ పొటెన్షియల్ (ఎలక్ట్రాన్లను లాక్కునే తత్వానికి వోల్టుల్లో కొలత) 0.34 లోంచి జింకుది మైనస్ 0.76 తీసేస్తే వచ్చే 1.10 అలాగే ఉంటుంది. రాగి ద్రావణం ఒక్కదాన్నే పది రెట్లు పలచన చేసినా తగ్గేది 0.03 వోల్టు. మీ 1.08 మంచి రీడింగే.

అసలు సంగతి కరెంటు. డిజిటల్ మల్టీమీటరు నిరోధం సాధారణంగా 10 మెగా ఓంలు. అది సెల్ నుంచి దాదాపు ఏమీ తీసుకోదు కాబట్టి లోపల ఎంత అడ్డంకి ఉన్నా పూర్తి వోల్టేజి చూపిస్తుంది. ఒక సెల్ చివరలకు 1000 ఓంల రెసిస్టరు కలిపి, తీయకుండానే వోల్టేజి చూడండి. 1.08 కాస్తా 0.54కి పడిపోతే సెల్ అంతర్నిరోధమూ 1000 ఓంలే. అలాంటివి రెండు కలిపితే 2000. ఎల్ఈడీకి సుమారు 1.7 పోగా మిగిలిన 0.45 వోల్టు 2000 ఓంల గుండా నెట్టగలిగేది 0.2 మిల్లీ ఆంపియరు. పగటి వెలుతురులో అదేం కనపడుతుంది!

ఈ నిరోధంలో పెద్ద వాటా లవణ సేతువుదే (రెండు ద్రావణాలనూ కలిపే ఉప్పు ద్రావణపు వంతెన), ముఖ్యంగా తడిపిన ఫిల్టరు కాగితం ముక్క వేసి ఉంటే. 100 మి.లీ. నీటిలో 10 గ్రాముల పొటాషియం నైట్రేట్, 3 గ్రాముల అగర్ వేసి, పూర్తిగా కరిగేదాకా కాచి, వేడిగా ఉండగానే లావుపాటి యు గొట్టం నిండా పోయండి. గొట్టానికి అడ్డంగా గాలి బుడగ నిలిచిందా, దారి తెగినట్టే.

మాకు ఇంతకంటే నచ్చేది డేనియల్ సెల్‌లో వాడే మట్టిపాత్ర పద్ధతి. మెరుగు పూయని మట్టి టీ కప్పును పావుగంట జింకు సల్ఫేట్‌లో నానబెట్టండి. కప్పులో జింకు సల్ఫేట్, జింకు రేకు. బయటి బీకరులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణం, కప్పు చుట్టూ వంచిన రాగి రేకు. గాఢత పెంచడం ఇక్కడ పనికొస్తుంది, వోల్టేజి కోసం కాదు, నిరోధం తగ్గడానికి. 100 మి.లీ. 1 మోలార్ ద్రావణానికి మైలుతుత్తం 25 గ్రాములు, జింకు సల్ఫేట్ స్ఫటికాలు 28.8 గ్రాములు తూచుకోండి.

కాసేపటికి జింకు నల్లబడితే రాగి అయాన్లు గోడ దాటి వచ్చాయన్నమాట. జింకు వాటికి ఎలక్ట్రాన్లను అక్కడికక్కడే ఇచ్చేస్తుంది, ఆ మేరకు తీగలోకి రావు. ఎమరీ కాగితంతో రుద్దేయండి. క్లిప్పులు మాత్రం ద్రావణంలో మునగనివ్వకండి. వాటి ఇనుము మూడో ఎలక్ట్రోడై రీడింగును చెడగొడుతుంది.

ప్రశ్న: మా స్టీలు బోటు అడుగున జింకు దిమ్మలు వేయించాం. ఏడాది తర్వాత చూస్తే అవి కొత్తవాటిలాగే ఉన్నాయి, తుప్పు మాత్రం ఆగలేదు. అల్యూమినియం ప్రమాణ పొటెన్షియల్ మైనస్ 1.66 కదా, అది వేస్తే?
— ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: స్టీలుకు బదులు తాను కరిగిపోవడమే జింకు దిమ్మ పని. అరగని దిమ్మ పనిచేయని దిమ్మ. తరచుగా జరిగే పొరపాటు, బోటుకు రంగు వేస్తూ దిమ్మల మీదా వేసేయడం. లేదా బోల్టు కింద రంగు, తుప్పు మిగిలి లోహం లోహానికి తగలకపోవడం. బోటు గట్టు మీద ఉండగానే దిమ్మకూ స్టీలుకూ మధ్య నిరోధం కొలవండి, 1 ఓం లోపు రావాలి. తుక్కు కరిగించి పోసిన జింకు కొనకండి. అందులో ఇనుము 0.005 శాతం దాటితే దిమ్మ మీద పొర కట్టి కరగడం ఆగిపోతుంది.

నీళ్లలోకి దించాక వెండి–వెండి క్లోరైడు ఎలక్ట్రోడుతో కొలిస్తే రక్షణ అందుతున్న స్టీలు మైనస్ 0.80 వోల్టు గానీ, ఇంకా కిందికి గానీ చూపాలి. మైనస్ 0.6 దగ్గరే ఉంటే రక్షణ లేదు. పుస్తకంలోని విలువలు ఆ లోహపు అయాన్లు 1 మోలార్ ఉన్న ద్రావణానివి, హైడ్రోజన్ ఎలక్ట్రోడుతో పోల్చి చెప్పినవి. వాటిని సముద్రపు నీటికి అలాగే అన్వయించకూడదు. మామూలు అల్యూమినియాన్ని దాని ఆక్సైడు పొరే కప్పేస్తుంది, మైనస్ 1.66 కాగితం మీదే మిగులుతుంది. జింకు, ఇండియం కలిపిన అల్యూమినియం ఆనోడు (ఇలా కరిగిపోయే దిమ్మ) మిశ్రమలోహం దొరికితే నిస్సందేహంగా వేయించండి.

ప్రశ్న: విశాఖలో మింది దగ్గర ఒకప్పుడు నడిచిన హిందూస్థాన్ జింక్ ఫ్యాక్టరీలో నీటి ద్రావణంలోంచే జింకు తీసేవారట. హైడ్రోజన్ పొటెన్షియల్ సున్నా, జింకుది మైనస్ 0.76. ముందు హైడ్రోజనే రావాలి కదా?
— డిగ్రీ విద్యార్థి, ఎంవీపీ కాలనీ

జవాబు: లెక్క ప్రకారం అంతే. కానీ పొటెన్షియల్ ఏది జరగగలదో చెబుతుంది, ఎంత వేగంగానో చెప్పదు. జింకు ఉపరితలం మీద హైడ్రోజన్ పుట్టడం చాలా మందకొడి వ్యవహారం. అది జోరందుకోవాలంటే బోలెడు అదనపు వోల్టేజి కావాలి, ఈలోగా జింకు పేరుకుపోతుంది. ద్రావణం శుభ్రంగా ఉంటేనే ఈ ఆట సాగేది. కోబాల్టు, నికెల్, ఆంటిమొనీ లీటరుకు కొద్ది మిల్లీగ్రాములున్నా హైడ్రోజన్ పొంగుతుంది, పేరుకున్న జింకు తిరిగి ఆమ్లంలో కరుగుతుంది. అందుకే ముందుగా ద్రావణంలో జింకు పొడి కలిపి వాటిని లోహాలుగా దించి వడకడతారు. సెల్‌లో రెండో ఎలక్ట్రోడైన ఆనోడు దగ్గర ఆక్సిజన్ 1.23 వోల్టుల దగ్గర వస్తుంది కాబట్టి సిద్ధాంతం ప్రకారం 2 వోల్టులు చాలాలి. పారిశ్రామిక సెల్స్‌కు ఇచ్చేది 3 నుంచి 3.5.