టాలీని ఎక్సెల్‌కి కలపబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

ఆటోనగర్‌లో మీ ఆఫీసులో టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరులోని లెక్కలు నేరుగా ఎక్సెల్‌లోకి వచ్చేలా యాడ్-ఇన్, అంటే ఎక్సెల్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం, పెట్టే పని నీకే అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చేరి ఏడాది తిరక్కుండానే ఓనరు గారు నిన్ను నమ్మారంటే చాలా గర్వంగా అనిపించింది. మీ అత్తని లేపి మరీ చెప్పాను. ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఇన్‌స్టాల్ చేయడం గురించి నీకు పెద్దగా చెప్పక్కర్లేదు. టాలీప్రైమ్‌లో ఎఫ్1, సెట్టింగ్స్, కనెక్టివిటీ. అక్కడే ఓడీబీసీ, అంటే ఎక్సెల్ టాలీని లెక్కలు అడిగే దారి, ఆన్ చేస్తావు. ఆ దారి నంబరు, అదే పోర్టు, మామూలుగా 9000 ఉంటుంది. నీ ఎక్సెల్ 64 బిట్‌దైతే ఓడీబీసీ డ్రైవరూ 64 బిట్‌దే కావాలి. టాలీ తెరిచి, కంపెనీ లోడ్ చేసి ఉంచాలి. యాడ్-ఇన్ ఉన్నట్టుండి మాయమైతే కంగారుపడి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయకు. ఎక్సెల్ ఆప్షన్స్‌లో డిసేబుల్డ్ ఐటమ్స్ చూడు, ఒక్కోసారి క్రాష్ అయ్యాక ఎక్సెల్ తనంతట తానే దాన్ని పక్కన పెట్టేస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఆ పోర్టు తెరిచి ఉన్నంతసేపు అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకో కంప్యూటర్ కూడా టాలీని లెక్కలు అడగొచ్చు. షాపుకొచ్చిన కస్టమర్లకి ఇచ్చే వైఫై మీదే ఆఫీసు కంప్యూటర్లు కూడా నడుస్తుంటే ముందు వాటిని విడదీయమను. యాడ్-ఇన్‌కి ఎక్సెల్ నుంచి టాలీలోకి ఓచర్లు, అంటే లెక్కల ఎంట్రీలు, పంపే సదుపాయం ఉంటే దాన్ని ఇప్పుడే ముట్టుకోకు. చదవడం వరకే.

అసలు పని లెడ్జర్లలో, అంటే ఒక్కో ఖర్చుకీ ఒక్కో పార్టీకీ తెరిచే ఖాతాల్లో, ఉంది. మీకు గాజువాకలో ఒకటి, అనకాపల్లిలో ఒకటి బ్రాంచీలున్నాయి కదా, మూడు చోట్లా లెడ్జర్లు తెరిచింది వేరువేరు మనుషులు. ఒకరు 'ఫ్రైట్' అని, ఒకరు 'ఫ్రైట్ చార్జెస్' అని, ఇంకొకరు 'లారీ కిరాయి' అని పెట్టి ఉంటారు. ఎక్సెల్‌కి అవి మూడు వేరే ఖర్చులు. పైగా ఒకటి డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్ గ్రూపులో, ఇంకొకటి ఇండైరెక్ట్‌లో ఉంటే గ్రాస్ ప్రాఫిట్టే మారిపోతుంది. ముందు ఆ పేర్లు, గ్రూపులు సరిచేయించు. మీ సీనియర్ అకౌంటెంట్ గారు విసుక్కుంటారు. విసుక్కోనీ, ఓపిగ్గా పక్కన కూర్చుని చేయించుకో, ఆయనకి తెలిసినంత ఏ సాఫ్ట్‌వేరుకీ తెలియదు.

ఓడీబీసీలో డెబిట్ బ్యాలెన్సులు మైనస్ గుర్తుతో వస్తాయి. బాకీదారులంతా మైనస్‌లో కనిపించారని కంగారు పడకు, గుర్తు తిప్పే పని ఒకే చోట చెయ్యి. బ్యాంకు ఖాతా నంబర్ల కాలమ్ టెక్స్ట్‌గా ఉంచు. 15 అంకెలు దాటితే ఎక్సెల్ చివరి అంకెల్ని సున్నాలు చేసేస్తుంది. బిల్లు నంబరు 3-4 అని ఉంటే తేదీ అనుకుంటుంది.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతికి వస్తాను.

టాలీ ఈఆర్‌పీ 9 అనే పాత వెర్షన్ వాడే కాలంలో నేనొక రొయ్యల ఎగుమతి కంపెనీలో పనిచేశాను. పేరు వద్దులే. బ్యాంకు నుంచి రోజువారీ వ్యాపారానికి వర్కింగ్ క్యాపిటల్ అప్పు తీసుకున్నారు కాబట్టి నెలనెలా స్టాకు, బాకీదారుల స్టేట్‌మెంట్ ఇవ్వాలి. దాని మీదే డ్రాయింగ్ పవర్, అంటే ఆ అప్పులోంచి ఎంత వరకు తీసుకోవచ్చన్నది, ఆధారపడి ఉంటుంది. నా పక్క సీటు కుర్రాడు, నీ వయసే ఉంటుంది, టాలీ నుంచి ఎక్సెల్‌కి లింకు చక్కగా కట్టాడు. అంతకుముందు రోజంతా పట్టే స్టేట్‌మెంట్, రిఫ్రెష్ కొడితే వచ్చేసేది. అందరూ మెచ్చుకున్నారు.

ఒక సాయంత్రం మేనేజరు వచ్చి, ఫలానా విదేశీ పార్టీ ఇచ్చిన మొత్తం ఇంకా ఎంట్రీ పడలేదు, రేపు వేయిద్దాం, ఇప్పటికి ఇక్కడ సర్దెయ్ అని, తనే కీబోర్డు లాక్కుని ఫార్ములా ఉన్న సెల్లులో అంకె కొట్టేశాడు. స్టేట్‌మెంట్ బ్యాంకుకి వెళ్ళిపోయింది. మర్నాడు ఎంట్రీ పడింది. సెల్లు సంగతి అందరూ మర్చిపోయారు. ఆ తర్వాత ప్రతి నెలా రిఫ్రెష్ కొడితే షీట్ అంతా మారేది, ఆ ఒక్క సెల్లు తప్ప. ఈలోగా ఆ పార్టీ మిగతా బాకీ కూడా కట్టేసింది, షీట్‌లో మాత్రం బాకీ అలాగే ఉంది. అంకె చూడ్డానికి మామూలుగానే ఉంది, అనుమానించే కారణం లేదు.

బ్యాంకు తరఫున స్టాకు ఆడిట్‌కి ఒక పెద్దాయన వచ్చారు. అన్ని ఖాతాల నిల్వలు ఉండే ట్రయల్ బ్యాలెన్స్ కాగితం మోకాలి మీద పెట్టుకుని, షీట్‌లో కింది బాణం కీ ఒక్కొక్కటే నొక్కుతూ పైనున్న ఫార్ములా బార్ చూస్తూ కూర్చున్నారు. ఈక్వల్ గుర్తు, ఈక్వల్ గుర్తు, ఈక్వల్ గుర్తు. ఒక దగ్గర వేలు ఆగింది. అక్కడ వట్టి అంకె ఉంది. "ఇది ఎవరు కొట్టారమ్మా?" అని నెమ్మదిగా అడిగారు. మేనేజరు నోరు మెదపలేదు. షీట్ కింద 'తయారుచేసినవారు' అన్న చోట కుర్రాడి పేరుంది. డ్రాయింగ్ పవర్ తగ్గింది, ఓనర్ల కోపం వాడి మీద పడింది. వాడు మంచివాడు, తప్పు వాడిది కాదు, అయినా ఉద్యోగం పోయింది. నాకు తెలిసిన నిజం నేను చెప్పాను. షీట్‌లో మనిషి జాడ లేనప్పుడు నా మాటకి విలువేముంది?

అందుకే చెబుతున్నాను, కోప్పడుతున్నాననుకున్నా సరే. 2023 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ ఎడిట్ లాగ్ ఉన్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే వాడాలని రూలుంది. టాలీలో ఎవరు ఎప్పుడు ఏ ఎంట్రీ మార్చారో ఆ లాగ్‌లో పడుతుంది. నీ కంప్యూటర్లో ఉన్న ఎక్సెల్ ఫైలు ఆ సాక్ష్యం చెప్పదు. రిపోర్టు షీట్‌ని పాస్‌వర్డుతో ప్రొటెక్ట్ చెయ్యి. ఎవరైనా సర్దమంటే 'సర్దుబాట్లు' అని వేరే షీట్ పెట్టి, తేదీ, మొత్తం, చెప్పినవారి పేరు, కారణం అక్కడ రాసి, రిపోర్టులో అది విడిగా ఒక వరసగా కనిపించేలా చెయ్యి. ఓనరు గారే అడిగినా అంతే. "సార్, ఇక్కడ రాస్తాను" అని మర్యాదగా చెప్పు, ఎవరూ కాదనరు. రిపోర్టు తలమీద డేటా తీసిన తేదీ, టైము ఉండాలి. దాని పక్కనే, టాలీ ట్రయల్ బ్యాలెన్స్ మొత్తానికీ నీ షీట్ మొత్తానికీ తేడా చూపే సెల్లు ఉండాలి, సున్నా కాకపోతే ఎర్రబడాలి. పంపే ముందు ఒక్కసారి ప్రొటెక్షన్ తీసి ఎఫ్5, స్పెషల్, కాన్‌స్టంట్స్, అందులో నంబర్స్ ఒక్కటే ఉంచి కొట్టు, తర్వాత మళ్ళీ ప్రొటెక్ట్ చెయ్యి. ఫార్ములా ఉండాల్సిన చోట వట్టి అంకె ఉంటే అదే వెలుగుతుంది. ఆ పెద్దాయన బాణం కీతో చేసిన పనే, క్షణంలో అయిపోతుంది.

బ్యాకప్ లేకుండా ఏదీ మొదలుపెట్టకు. ఆ బ్యాకప్ అదే గదిలో ఉంచకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పటికి నువ్వింకా స్కూల్లో చదువుతున్నావు, అమ్మమ్మ ఇంట్లో కొవ్వొత్తుల వెలుగులో అన్నం తిన్నది గుర్తుండే ఉంటుంది. అప్పుడు నాకు తెలిసిన ఒక ఆఫీసులో అద్దాలు పగిలి వాన లోపలికి కొట్టింది. కంప్యూటరూ తడిసింది, దాని పక్క డ్రాయర్లో ఉన్న హార్డ్ డిస్కూ తడిసింది. ఒక కాపీ అనకాపల్లి బ్రాంచీలో పెట్టించు.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, 3బీ గడువు 20. కాబట్టి 21 తర్వాత. మార్చిలో అసలే వద్దు. మొదటి నెల పాత పద్ధతిలో టాలీలో ఆల్ట్, ఈ కీలు కలిపి కొట్టి ఎక్స్‌పోర్ట్ చేసిన రిపోర్టు, కొత్తది, రెండూ పక్కపక్కన పెట్టి చూడు. రాత్రి తొమ్మిది దాకా ఆఫీసులో కూర్చోకు, గాజువాక బస్సు దొరకలేదని మీ అమ్మ గుమ్మంలో నిలబడుతుంది.

ఆదివారం ఎంవీపీ కాలనీకి రా. ఖాళీ షీట్ నమూనా తీసుకురా, కంపెనీ డేటా మాత్రం పెన్‌డ్రైవ్‌లో తేకు. తేడా చూపే సెల్లు ఫార్ములా ఇద్దరం కూర్చుని రాద్దాం. మీ అత్త కోడిగుడ్ల పులుసు చేస్తానంటోంది, పెందలాడే వచ్చెయ్.

మీ మావయ్య