రిపేరుకిచ్చిన బంగారు వాచీ: గడువు ఏ రోజు నుంచి లెక్క?

ప్రశ్న: మా తాతగారు రాజమండ్రిలో డాక్టరు. 1950లో మద్రాసులో కొన్న 18 క్యారెట్ల బంగారు ఒమేగా ఆటోమేటిక్ వాచీ చివరిదాకా ఆయన చేతికే ఉండేది. చెయ్యి ఊపితే లోపల టక్కుటక్కుమని తగిలేది. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటూ ఆయన పక్కన పడుకునేవాణ్ని. అది ఆగిపోతే 2018 జూన్‌లో ఒక షాపులో రిపేరుకిచ్చాను. స్ప్రింగు విదేశాల నుంచి రావాలంటూ తిప్పించారు. 2019 దసరాకి వెళ్లి గట్టిగా అడిగితే యజమాని "ఇవ్వను, దిక్కున్న చోట చెప్పుకో" అన్నాడు. మళ్లీ 2020 ఫిబ్రవరిలో "సార్, స్ప్రింగు ఇంకా రాలేదు, రాగానే వేసి ఇచ్చేస్తా" అని వాట్సాప్‌లో ఇంకో అబద్ధం. 2021లో ఆ యజమాని పోయారు. 2024 మార్చి 11న కొడుకు "వాచీ మా దగ్గర లేదు, నాన్న ఉన్నప్పటి సంగతి, కావాలంటే బంగారం తూకం కట్టి డబ్బిస్తాం" అని మెసేజ్ పెట్టాడు. రసీదు మీద "గోల్డ్ వాచ్ 1, ఒమేగా" అని రాసి, "30 రోజుల్లో తీసుకెళ్లకపోతే బాధ్యత లేదు" అని అచ్చు వేసి ఉంది. మా బావగారు తెలిసిన ఎస్సైకి చెప్పి దొంగతనం కేసు పెట్టిద్దామంటున్నారు. ఇన్నేళ్లయింది, కోర్టుకి వెళ్లే హక్కు ఉందా? మేనత్తల సంతకాలు కావాలా? ఆ 2020 మెసేజ్ స్క్రీన్ పగిలిన నా పాత ఫోన్‌లో ఉంది.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం తాతగారి గురించే. కోర్టుకి అది అక్కర్లేదు. మీ కేసు నిలిచేదీ పోయేదీ ఒక్క ప్రశ్న మీదే: వాచీ ఇవ్వనని వాళ్లు ఖాయంగా చెప్పింది ఏ రోజు?

2018 నుంచి లెక్కేసి హక్కు పోయిందని భయపడుతున్నారు. లెక్క అది కాదు. నమ్మి అప్పగించిన వస్తువును తిరిగి రాబట్టే దావాకి, దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 70వ ఆర్టికల్ మూడేళ్లు ఇస్తుంది. ఆ మూడేళ్లు మొదలయ్యేది వస్తువు ఇచ్చిన రోజున కాదు, మీరు అడిగాక వాళ్లు నిరాకరించిన రోజున. "వచ్చే నెల రండి" అనడం నిరాకరణ కాదు. కొడుకు 2024 మార్చి 11న పెట్టిన మెసేజ్ నిరాకరణ. ఆ లెక్కన 2027 మార్చి 11 వరకు మీకు టైముంది.

చిక్కంతా మీరు ఒక్క వాక్యంలో దాటేసిన దసరా గొడవతో. ఆ రోజు యజమాని అన్నదే నిరాకరణ అయితే గడువు 2019లోనే మొదలైనట్టు. కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు సుప్రీంకోర్టు మినహాయించిన కాలాన్ని తీసేసినా, 2024 దసరా నాటికే అంతా అయిపోయినట్టు. అవతలి వకీలు మొదట పట్టుకునేది దీన్నే. దావా పత్రం చూసి గడువు దాటిందని తేలితే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 11 కింద విచారణ లేకుండానే తిప్పి కొడతారు.

మిమ్మల్ని కాపాడేది మీరు "ఇంకో అబద్ధం" అని విసుక్కున్న ఆ 2020 ఫిబ్రవరి మెసేజ్. అబద్ధమే కావచ్చు, మీకు మాత్రం అది ప్రాణం. దసరాకి అన్నది కోపంలో అన్న మాటేనని, వాచీ తన దగ్గరే ఉందని, తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత తనదేనని ఆయన చేతుల మీదుగానే రాసిచ్చాడు. దసరా సంగతి దాచకండి. దావాలో మనమే చెప్పి, దాని పక్కనే ఈ మెసేజ్ పెట్టాలి. క్రాస్‌లో, అంటే అవతలి వకీలు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు, బయటపడితే దాచామన్న మచ్చ కూడా తోడవుతుంది.

ఇప్పుడు మీ బావగారి సలహా. చస్తే ఆ పని చేయకండి. మీ చేత్తో మీరే ఇచ్చి రసీదు తీసుకున్న వస్తువు దొంగతనం ఎలా అవుతుంది? తప్పుడు సమాచారం ఇచ్చారని మీ మీదే కేసు రావచ్చు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. "వాచీని ఎప్పుడో కాజేశారు" అని ఫిర్యాదులో మీరు సంతకం పెడితే, దావాని 70వ ఆర్టికల్ నుంచి 68వ ఆర్టికల్‌లోకి మీరే లాగినట్టు. దొంగిలించిన, కాజేసిన వస్తువుకి మూడేళ్లు మొదలయ్యేది అది ఎవరి దగ్గరుందో మీకు తెలిసిన రోజు నుంచి. మీకది మొదటి నుంచీ తెలుసు. రెండు రోజుల్లో వాచీ వస్తుందన్న ఆశతో మూడేళ్ల గడువును మీ సంతకంతోనే చంపుకుంటారు. నమ్మకద్రోహం కింద క్రిమినల్ ఫిర్యాదు వేరే సంగతి. అది కూడా మీ వకీలు అక్షరం అక్షరం చూశాకే.

బంగారం తూకం డబ్బు కూడా ముట్టకండి. "మొత్తం ముట్టింది" అని ఒక్క కాగితం మీద సంతకం పెడితే కథ ముగుస్తుంది. అయితే ఆ మెసేజ్ రాసి కొడుకు మీకు మేలే చేశాడు. బంగారు వాచీ తమ షాపుకొచ్చిందని దాదాపు ఒప్పుకున్నాడు.

రసీదు మీద 30 రోజుల షరతు చూసి బెంగ పడక్కర్లేదు. ఫలానా రోజులు దాటితే హక్కే పోతుందనే ఒప్పందం కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ప్రకారం చెల్లదు. మేనత్తల సంతకాలూ అక్కర్లేదు. మీ చేతి నుంచి తీసుకున్నవాడు మీకు హక్కు లేదని అనలేడు. మీలో మీరు పంచుకోవడం తర్వాతి మాట.

ఇక మీ అజాగ్రత్త. ఇంత విలువైన వాచీ ఇస్తూ "గోల్డ్ వాచ్ 1, ఒమేగా" అన్న ముక్కతో రసీదు తీసుకుంటారా? రేపు వాళ్లు ఏదో ఒక బంగారు ఒమేగా తెచ్చి ఇదే మీదంటే ఏం చెబుతారు? వెనక మూత లోపల వాచీ కేసు (బయటి తొడుగు) నంబరు, 18 క్యారెట్ల స్విస్ బంగారానికి వేసే స్త్రీ తల ముద్ర, యంత్రం మీద సీరియల్ నంబరు ఉంటాయి. వీటిలో ఒక్కదాని ఫోటో కూడా మీ దగ్గర లేదు.

అయినా దారి ఉంది. మీరు రాసిన టక్కుటక్కు చప్పుడు మీకు జ్ఞాపకం, నాకు సాక్ష్యం. ఒమేగా తొలినాళ్ల ఆటోమేటిక్‌లలో, చెయ్యి ఊపితే కీ ఇచ్చే బరువు చుట్టూ తిరగదు. అటూ ఇటూ ఊగి, రెండు పక్కలా ఉన్న స్ప్రింగులకు తగిలి వెనక్కొస్తుంది. ఇలాంటివి 1943 నుంచి చేసింది. 1950ల మధ్యలో పూర్తిగా చుట్టూ తిరిగే బరువు (రోటర్) వచ్చాక ఆ చప్పుడు పోయింది. కాబట్టి వాళ్లు తర్వాతి కాలపు వాచీ తెచ్చిపెడితే మూత తీయగానే దొరికిపోతారు. తాతగారి చేతికి ఆ వాచీ ఉన్న పాత ఫోటోలు, అంతకుముందు ఎక్కడైనా రిపేరు చేయించి ఉంటే ఆ షాపు పుస్తకం, ఆయన వెల్త్ టాక్స్ రిటర్నులు, భాగపంపకాల కాగితాలు వెతకండి. పాత మెకానిక్కులు మూత లోపల సన్నగా తేదీ గీస్తారు. మీ ఊళ్లో ఆ గీత తనదని చెప్పేవాడు బతికుంటే అంతకు మించిన సాక్షి లేడు.

వకీలు ద్వారా ఇప్పుడే నోటీసు పంపండి. దావాలో మొదట వాచీనే అడగాలి, డబ్బు ప్రత్యామ్నాయంగా. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 7, 8 సెక్షన్లు దీనికే ఉన్నాయి. ఇలాంటి వస్తువుకి డబ్బు సరైన పరిహారం కాదని కోర్టుని ఒప్పించవచ్చు. విలువ బంగారం బరువుతో వేయకండి, పాత వాచీల వ్యాపారం తెలిసినవాడి చేత వేయించండి. అమ్మకుండా ఆపే ఉత్తర్వు (ఇంజంక్షన్), తనిఖీకి కోర్టు నియమించే కమిషనర్ కోసం దావాతో పాటే దరఖాస్తు పెట్టండి. ఈలోగా ఎవరికైనా అమ్మేసి ఉన్నా, రిపేరు చేసేవాడికి అమ్మే హక్కు లేదు కాబట్టి కొన్నవాడి నుంచీ అడగవచ్చు. మరమ్మతుకివ్వడం 70వ ఆర్టికల్ కిందికి రాదని వాళ్లు వాదిస్తే, లిమిటేషన్ చట్టం 91(బి) ఆర్టికల్ కింద నష్టపరిహారానికి కూడా గడువు వస్తువు ఉంచుకోవడం అక్రమమైన నాటి నుంచేనని జవాబివ్వాలి. వినియోగదారుల కమిషన్ గడువు రెండేళ్లే, 2026 మార్చి 11తో సరి. ఇంత సాక్ష్యం తేల్చాల్సిన కేసుకి సివిల్ కోర్టే మేలు.

2020 నాటి మెసేజ్ స్క్రీన్ పగిలిన పాత ఫోన్‌లో ఉందని చివర్లో రాశారు. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ అడిగే సర్టిఫికెట్ కావాలి, లేదా ఆ ఫోనే కోర్టు ముందు పెట్టాలి. దాన్ని రీసెట్ చేయకండి, సిమ్ మార్చి వాట్సాప్ మళ్లీ వేయకండి. బాగు చేయించాల్సి వస్తే ఫోన్‌ని గుర్తుపట్టే ఐఎంఈఐ నంబరు రాసిన రసీదు తీసుకుని, ఎదురుగా కూర్చుని స్క్రీన్ మార్పించుకోండి.