జన్యువు పుట్టుకతోనే ఉంటే ముద్దలు ఎప్పుడు కడతాయి?

ప్రశ్న: మా పెదనాన్నగారికి 52 ఏళ్ల వయసులో ఏఎల్‌ఎస్ (కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా నశించే జబ్బు) అని తేలింది. వెన్నుపాములోని నాడీకణాల్లో ప్రోటీన్ ముద్దలు కడతాయని, వంశంలో ఉన్న జన్యులోపమే అందుకు కారణమని డాక్టరుగారు చెప్పారు. అలాంటప్పుడు తల్లి గర్భంలో ఆ కణాలు రూపు దిద్దుకునేటప్పుడే ముద్దలు మొదలవుతాయా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: లోపమున్న ప్రోటీన్ గర్భంలోనే తయారవడం మొదలవుతుంది గానీ, ముద్దలు అప్పుడే పేరుకోవు. మీ కుటుంబంలో ఉన్నది ఏ జన్యువో మీరు రాయలేదు కనుక, ఈ జబ్బుకు కారణమని 1993లో తేలిన ఎస్‌ఓడీ1 జన్యువునే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ఈ జన్యువులో మార్పు వస్తే ప్రోటీన్ సరిగా మడత పడదు. అయితే లేత కణంలో మడతను సరిదిద్దే షాపరోన్లూ, పనికిరాని ప్రోటీన్‌ను ముక్కలు చేసే ప్రోటియాజోములూ చురుగ్గా ఉంటాయి కాబట్టి అది పోగుపడదు. ఈ లోపజన్యువును మోసే చిట్టెలుకలు కూడా మామూలుగానే పుట్టి, కొన్ని నెలల తరువాతే నీరసిస్తాయి.

1997లో మాంట్రియల్ పరిశోధకులు చిట్టెలుక పిండాల వెన్నుపాము కణాలను పెంచి, వాటిలోకి ఈ లోపజన్యువును సన్నని సూదితో ఎక్కించినప్పుడు, కండరాలను కదిలించే చాలక నాడీకణాల్లో కొద్ది రోజులకే ముద్దలు కనిపించాయి. స్పర్శను మోసే నాడీకణాల్లో కనిపించలేదు. ఇది చదివి కంగారు పడకండి, అక్కడ ప్రోటీన్‌ను మోతాదుకు మించి తయారు చేయించారు. కానీ బలహీనత వయసుది మాత్రమే కాదనీ, ఆ కణాల స్వభావంలోనే ఉందనీ ఆ ప్రయోగం చూపించింది. చాలక నాడీకణం విభజన చెందదు కనుక చెత్తను పిల్లకణాలకు పంచి వదిలించుకోలేదు. పైగా మీటరు దాకా సాగే తంతువును పోషించాలి. ఒత్తిడి వచ్చినప్పుడు రక్షక ప్రోటీన్లను త్వరగా పెంచుకోవడం కూడా దానికి చేతకాదు. ఏళ్లు గడిచేకొద్దీ శుభ్రపరిచే వ్యవస్థ మందగిస్తే నష్టం ముందుగా దానికే.

ఇక ముద్దే విషమా, లేక ముద్దకట్టక ముందు తిరుగాడే చిన్న గుంపులే విషమా అన్నది ఇంకా వాదనలో ఉంది. నా మొగ్గు రెండోదాని వైపు.

ఎస్‌ఓడీ1 ప్రోటీన్ తయారీని తగ్గించే టోఫర్సెన్‌కు 2023లో అమెరికా అనుమతి ఇచ్చింది. అదే మందును లోపజన్యువు ఉండి లక్షణాలు లేనివారికి, రక్తంలో న్యూరోఫిలమెంట్ (నాడీకణాలు దెబ్బతిన్నప్పుడు బయటపడే ప్రోటీన్) పెరగడం మొదలవగానే ఇచ్చి చూసే పరీక్షలు కూడా చేపట్టారు. అందుచేత ముందుగా పెదనాన్నగారి జన్యుపరీక్ష ఫలితంలో ఏ జన్యువు ఉందో అడగండి. మీరు పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది జన్యు సలహాదారుతో మాట్లాడిన తరువాతే నిర్ణయించుకోండి.