టెక్ సందేహాలు: బ్యాగు మెట్రోలో, చుక్క ఆఫీసులో

ప్రశ్న: మొన్న సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగాను. ఇంటికెళ్లి చెప్పులు విప్పాక గానీ ల్యాప్‌టాప్ బ్యాగు లేదని తెలియలేదు. సొంత ల్యాప్‌టాప్, విండోస్ 11. మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే మ్యాప్‌లో ఆఫీసు దగ్గరే చూపిస్తోంది. రైల్లో సీటు పక్కన పెట్టినట్టే గుర్తు. ఆఫీసులోనే మరిచిపోయానా?
- ఒక పాఠకుడు, ఉప్పల్

ఆ చుక్కను నమ్మి మళ్లీ రాయదుర్గం పరిగెత్తకండి. మ్యాప్‌లో దాంతోపాటు చివరిసారి కనిపించిన సమయం కూడా ఉంటుంది, ముందు అది చూడండి. మీరు ఆఫీసులో ల్యాప్‌టాప్ మూసిన సమయమే అక్కడ ఉంటే చిక్కు వీడినట్టే. మామూలు ల్యాప్‌టాప్‌లో సిమ్ ఉండదు కదా. ఆఫీసు వైఫై అందినంతసేపూ తానెక్కడుందో చెప్పింది, మూత వేయగానే నోరు కూడా మూసుకుంది. రైల్లో ఎవరైనా తెరిచి చూసినా, నెట్ ఇచ్చే మీ ఫోన్ హాట్‌స్పాట్ మీతోపాటే ఇంటికొచ్చేసింది. అందుకే చుక్క కదల్లేదు.

అదే పేజీలో లాక్ నొక్కి, స్క్రీన్ మీద కనిపించేలా ఇంట్లోవాళ్ల నంబరుతో ఒక ముక్క రాయండి. ఎప్పుడు నెట్‌కు తగిలితే అప్పుడు అమలవుతుంది. మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, ఆ ల్యాప్‌టాప్ నుంచి సైన్ అవుట్ చేసేయండి. ఆఫీసు ఇచ్చిన మెషీన్ అయితే ఇదంతా పక్కనపెట్టి, రాత్రయినా సరే ఐటీ వాళ్లకు ఫోన్ చేయాలి. తిడతారేమోనని పొద్దున దాకా ఆగితేనే అసలు టెన్షన్.

వెతకడం మాత్రం ఉప్పల్ స్టేషన్ కౌంటర్ దగ్గరే మొదలుపెట్టాలి. మీ తర్వాత ఆ లైన్లో మిగిలింది నాగోల్ ఒక్కటే, అక్కడ రైలు ఖాళీ అవుతుంది. మూడు బోగీల్లో మీరెక్కింది ఏది, ఎన్నింటికి దిగారు అన్నది చెప్పగలిగితే సిబ్బందికి సగం పని తగ్గుతుంది. వాట్సాప్‌లో టికెట్ కొన్నట్టయితే కొన్న సమయం చాట్‌లోనే ఉంటుంది. ఇంకోమాట, రాయదుర్గంలో లోపలికి వెళ్లేటప్పుడు స్కానర్ మీంచి బ్యాగు తీసుకున్నట్టు గుర్తుందా? నేనోసారి అక్కడే వదిలేసి ఎస్కలేటర్ ఎక్కేశాను. వెనకున్నావిడ పిలవకపోతే అంతే సంగతులు.

ఈ జవాబు అచ్చయ్యేసరికి మీ బ్యాగు సంగతి ఎటో ఒకటు తేలే ఉంటుంది. మిగతావాళ్లు మాత్రం ఈ రాత్రే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి, ఫైండ్ మై డివైస్, డివైస్ ఎన్‌క్రిప్షన్ రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. ఎన్‌క్రిప్షన్ అంటే డిస్క్‌లోని ఫైళ్లను ఇతరులు చదవలేకుండా తాళం వేయడం. అది లేకపోతే లాగిన్ పాస్‌వర్డ్ ఉన్నా లాభం లేదు. లోపలి డిస్క్ తీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లన్నీ కనిపిస్తాయి. ఎన్‌క్రిప్షన్ ఆన్ చేశాక, ల్యాప్‌టాప్ తెరుచుకోనని మొరాయిస్తే అడిగే 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో తెలిసి ఉండాలి. దాన్ని అదే ల్యాప్‌టాప్‌లో దాచుకున్న మహానుభావులూ ఉన్నారు!

ప్రశ్న: మెహదీపట్నం నుంచి షేర్ ఆటోలో వస్తూ అమ్మ ఆండ్రాయిడ్ ఫోన్ సీటులోనే వదిలేసింది. మొదట రింగయింది, ఇప్పుడు స్విచాఫ్. నా ఫోన్లో ఆవిడ గూగుల్ అకౌంట్ తెరవబోతే కోడ్ ఆ పోయిన ఫోన్‌కే వెళ్తోంది. ఏం చేయను?
- టోలీచౌకి పాఠకురాలు

ముందు బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ ఆపించండి, తర్వాత సిమ్ బ్లాక్ చేయించి అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ తీసుకోండి. గూగుల్ కోడ్ మెసేజ్‌గా వస్తుంటే దాంతోనే అకౌంట్ తెరుచుకోవచ్చు. తర్వాత పోయిన ఫోన్‌ను వెతికే గూగుల్ సేవ ఫైండ్ హబ్‌లో ఫోన్‌ను లాక్ చేసి, స్క్రీన్ మీద మీ నంబరు పెట్టండి. ఎరేజ్ జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి. ఒకసారి చెరిపేస్తే ఆ తర్వాత ఫైండ్ హబ్‌లో వెతకలేరు.

రెండు రోజుల్లో దొరక్కపోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో, పోయిన ఫోన్లను బ్లాక్ చేసే సీఈఐఆర్ విభాగంలో ఫోన్‌నే బ్లాక్ చేయించండి. అప్పుడు వేరే సిమ్ వేసినా నెట్‌వర్క్ రాదు. అందుకు కావాల్సిన 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఫోన్ గుర్తింపు సంఖ్య, బాక్సు మీదో బిల్లు మీదో ఉంటుంది. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు నంబర్లూ ఇవ్వాలి. దొరికాక అన్‌బ్లాక్ చేయించుకోవచ్చు.

ప్రశ్న: సిటీ బస్సులో ఒక ఇయర్‌బడ్ పడిపోయింది. యాప్ తార్నాక చూపిస్తోంది. వెళ్లి వెతకనా?

వద్దు. మీ ఫోన్‌కూ దానికీ బ్లూటూత్ తెగిన చోటు అది. బడ్ బస్సుతోపాటే వెళ్లిపోయింది. కొన్ని కంపెనీలు ఒక్క బడ్ విడిగా అమ్ముతాయి, సర్వీస్ సెంటర్‌లో అడగండి. కేసు పారేయకండి, సీరియల్ నంబరు చాలావాటికి దాని మీదే ఉంటుంది.